డ్రమ్ము తెరిచిన ఖర్చు ఎవరిది

పోయిన నెల తిరుపతిలో, మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను మాట్లాడమని పిలిచారు. హోటల్లో ఏసీ హాలు, శాలువా, నా పేరుకు ముందు లేనిపోని బిరుదులు. అంతా అయ్యాక ఒక అమ్మాయి లేచి, "మేడమ్, సొంత ప్రాక్టీసులో క్లయింట్లను ఎలా పెంచుకోవాలి?" అని అడిగింది. నోటికొచ్చింది ఏదో చెప్పాను, చప్పట్లు కొట్టారు. బస్సులో చిత్తూరుకు తిరిగొస్తుంటే దారంతా మనసు బాగాలేదు. ఆ పిల్ల అడగాల్సింది అది కాదు. వచ్చిన ఫీజును ఆఫీసులో ఎవరెలా పంచుకుంటారు అని అడగాలి. మా పనిలో మంచీ చెడూ అక్కడే తేలిపోతాయి.

ఆ అమ్మాయికి చెప్పకుండా దాటేసిన జవాబు ఇది. మునిరత్నం అనే నా పార్ట్‌నర్ కథ. నాకు తెలిసిన ఆడిటర్లలో అంత చురుకైన చూపు ఉన్నవాడు ఇంకొకడు లేడు. ఇవాళ అతనికి సంతకం పెట్టే హక్కు లేదు, సొంత ఊళ్ళో టీ కొట్టు దాకా వెళ్ళే ధైర్యం లేదు. నాకు వయసైపోతోంది కాబట్టి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను.

ఒకే పెట్టె

మా పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. వ్యాపారి తన లెక్క తనే రాసుకుంటాడు. దాన్ని బయటి మనిషి ఒకడు చూసి, అవును నిజమే అని సంతకం పెడతాడు. ఆ సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తుంది, రైతు సరుకిస్తాడు. ఆ బయటి మనిషే ఆడిటర్. తమాషా ఏమిటంటే, అతనికి ఫీజు ఇచ్చేది ఆ వ్యాపారే. మా వృత్తికి పుట్టుకతో వచ్చిన జబ్బు అది. నేను చేరిన ఆఫీసును పెట్టిన పెద్దాయన ఈ జబ్బుకు తనకు తోచిన పథ్యం ఒకటి పెట్టాడు.

ఆయన వైష్ణవుడు. వాళ్ళ ఇంట్లో అందరూ తరతరాలుగా కోవెల సేవలోనో బడిపంతుళ్ళుగానో ఉన్నవాళ్ళే. ఈయన ఒక్కడు దారి తప్పి లెక్కల్లో పడ్డాడని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. చిత్తూరులో కోర్టుల వైపు ఒక మేడ మీద ఆఫీసు. నేను కోమట్ల పిల్లని, మా నాయనకు కిరాణా అంగడి. మునిరత్నం పాకాల దగ్గర ఒక పల్లెలో మామిడి రైతుల ఇంటివాడు. ఇద్దరం ఆయన దగ్గరే పని నేర్చుకున్నాం, ఆయనే మమ్మల్ని పార్ట్‌నర్లను చేసుకున్నాడు. మా పాలుకు, అంటే ఆఫీసులో మా వాటాకు, ఒక్క రూపాయి కూడా అడగలేదు. "ఇది నేను కొన్నది కాదు, మీకు అమ్మడానికి" అన్నాడు.

ఆయన పెట్టిన పద్ధతులు రెండు. ఏ క్లయింటు ఫీజైనా ఒకే పెట్టెలో పడాలి, సంవత్సరం చివర ముగ్గురికీ సమానం. ఎవరు ఎవర్ని తెచ్చారన్న మాటే లేదు. రెండోది, ఆయుధ పూజ నాడు క్లయింట్ల పేర్లు చీటీల మీద రాసి అమ్మవారి పటం ముందు పెట్టేవాళ్ళం. పూజయ్యాక తలా కొన్ని తీసుకునేవాళ్ళం. ఎవరి చీటీలో ఏ పేరు వస్తే ఆ ఏడు ఆ లెక్క వాళ్ళు చూడాలి. తను తెచ్చిన క్లయింటే వస్తే చీటీ వెనక్కి వేసి ఇంకొకటి తీయాలి. మునిరత్నం బొరుగులు నములుతూ, "మళ్ళీ నాకు ఆ కోళ్ళ ఫారమే వచ్చుండాది స్వామీ, ఆ కంపు నేను పడలేను" అని మొత్తుకునేవాడు. పెద్దాయన మాత్రం నవ్వకుండా, "అమ్మవారికి చెప్పుకో" అనేవాడు.

ఆ రోజుల్లో నాకివి ముసలాయన చాదస్తాల్లా కనిపించేవి. వాటి వెనక ఉన్న తెలివి అర్థమవడానికి ఒక లాడ్జి ఓనరు పూనుకోవలసి వచ్చింది.

మేడ మీద దుప్పట్లు

తిరుపతిలో ఆ లాడ్జి పెద్దాయన తెచ్చిన క్లయింటే, చీటీలో నాకు వచ్చింది. ఆ ఏడు యాత్రికులు తగ్గారు, గదులు సగం ఖాళీగా ఉన్నాయి అని లెక్క చూపించాడు ఓనరు. కాగితాలు ముచ్చటగా ఉన్నాయి, నేను నమ్మేశాను. పెద్దాయన మరునాడు నాతో వచ్చి, నేరుగా మేడ మీదికి ఎక్కాడు. అక్కడ తెల్ల దుప్పట్లు వరసలు వరసలుగా ఆరేసి ఉన్నాయి. నడవడానికి చోటు లేదు.

"ఖాళీ గదుల్లో దుప్పట్లు ఎవరు మాపారమ్మాయ్?" అన్నాడు.

చాకలి లెక్క తీయించాం. గదులన్నీ నిండే ఉన్నాయి. ఓనరు ఎగిరెగిరి పడి, మా ఫీజు మా మొహాన కొట్టి వేరే ఆడిటర్‌ను పెట్టుకున్నాడు. అంత పెద్ద క్లయింటు పోయినందుకు నేను భయపడ్డాను. సంవత్సరం చివర చూస్తే ముగ్గురికీ తలా కాస్త తగ్గింది. ఎవరింట్లోనూ పొయ్యి వెలగకుండా పోలేదు. మునిరత్నం ఆ దుప్పట్ల కథ జిల్లా అంతా చెప్పి నా పరువు తీశాడు.

ఆ వారమంతా మామిడి రసమే

మా జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఎండాకాలం చివర్న కాయ కొని, గుజ్జు తీసి, సూక్ష్మక్రిములు చేరకుండా సంచిలో పోసి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. అలా బిగించింది రెండేళ్ళదాకా చెడదు. ఒకసారి మూత తీశారంటే మాత్రం ఇక అమ్మడానికి పనికిరాదు. ఆ డ్రమ్ములను చూపించి ఫ్యాక్టరీవాళ్ళు బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకుంటారు.

దొరసామి అనే ఆయన ఫ్యాక్టరీని ఆఫీసుకు తెచ్చింది మునిరత్నం. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. మొదటి ఏడు చీటీలో అది నాకు వచ్చింది. మార్చి చివర్లో సరుకు చూడ్డానికి వెళ్ళాను. గోడౌన్లో డ్రమ్ములు బారులు తీరి ఉన్నాయి. డ్రమ్ము మీద రాసిన పేరు బాగానే ఉంది, లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? పెద్దాయన చెప్పి పంపాడు, "వాళ్ళు చూపించింది వద్దు. వెనక వరసలో నువ్వే ఒకటి ఎంచుకుని తెరిపించు." నేను వెనక్కి పోయి ఒకదాన్ని చూపించాను.

దొరసామికి ఒళ్ళు మండింది. "ఏం మేడమ్మా, తెరిస్తే ఆ సరుకు ఎవురికి అమ్మేది? ఆ నష్టం నువ్విస్తావా?"

"మా ఆఫీసు ఇస్తుంది" అన్నాను.

నిజంగానే ఇచ్చింది. అది పెద్దాయన రూలు. తెరిపించిన డ్రమ్ము ధర మన పెట్టెలోంచే కట్టాలి, అప్పుడు ఏ ఓనరూ వద్దనలేడు అని. డ్రమ్ములో గుజ్జు బంగారంలా ఉంది. ఆటోలో వేసుకుని ఆఫీసుకు తెచ్చాం. బిందెలు, క్యాన్లు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని అందరూ వచ్చారు. ఆ వారమంతా మా అందరి ఇళ్ళలో మామిడి రసమే. మునిరత్నం, "అక్కా, వచ్చే ఏడు జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటి పట్టుకొస్తా, అదీ తెరిపించు" అన్నాడు. అంతగా నవ్విన రోజు ఆ ఆఫీసులో మళ్ళీ నాకు గుర్తులేదు.

అలా ఏటా ఎవరో ఒకరం ఒక డ్రమ్ము తెరిపించేవాళ్ళం. దొరసామి కూడా అలవాటు పడ్డాడు. తెరుస్తారని తెలుసు కాబట్టి డ్రమ్ముల్లో గుజ్జే ఉండేది.

ఎవరు తెచ్చింది వాళ్ళది

పెద్దాయనకు చూపు మందగించిన రోజుల్లో మునిరత్నం ఒక సాయంత్రం మా ఇద్దరి ముందూ కూర్చుని మనసులో మాట బయటపెట్టాడు.

"అక్కా, కోపం తెచ్చుకోబాకు. ఫ్యాక్టరీ తెచ్చింది నేను, రైసు మిల్లు తెచ్చింది నేను, బెల్లం మండీ తెచ్చింది నేను. నాకు ఊళ్ళో నలుగురు తెలుసు కాబట్టి వచ్చినారు. ఆ ఫీజులో అందరికీ సమానమంటే యాడి న్యాయం?"

అతను అబద్ధం చెప్పలేదు. నేను తెచ్చిన క్లయింట్లు తక్కువ. మా వాళ్ళలో చాలామంది ఆడమనిషికి లెక్కలు చూపించడానికి ఇష్టపడేవాళ్ళు కాదు. అందుకే నా నోరు లేవలేదు. వద్దంటే నా పాలు తగ్గుతుందని వద్దన్నట్టే ఉంటుంది కదా. వద్దనాలని గట్టిగా ఉంది, అనడానికి మొహం చెల్లలేదు.

పెద్దాయన, "న్యాయమే నాయనా. నువ్వన్నది న్యాయమే. ఒక్కటి చెప్పు, ఇకమీదట డ్రమ్ము తెరిస్తే ఆ ఖర్చు ఎవరిది?" అన్నాడు.

"ఎవురి క్లయింటుకు వాళ్ళదే స్వామీ."

ఆయన కండువా తీసి భుజాన వేసుకుని లేచిపోయాడు. ఆ ఏడు ఆయుధ పూజకు చీటీలు రాయలేదు. తర్వాత కొన్నాళ్ళకే ఆయన పోయాడు.

ఆ పైన పెద్ద నగరం ఆఫీసొకటి మమ్మల్ని తనలో కలుపుకుంది. గాజు తలుపులు వచ్చాయి, కాఫీ మిషను వచ్చింది. అక్కడ పాలు ఊరికే రాదు, కొనుక్కోవాలి. ఎంత పెద్ద పాలు కొంటే అంత లాభం. మునిరత్నం చిత్తూరులో కట్టుకున్న ఇల్లు బ్యాంకులో పెట్టి పెద్ద పాలు కొన్నాడు. నేను చిన్నది కొని ఒక మూల కూర్చున్నాను. ఒకరి క్లయింటు జోలికి ఇంకొకరు పోకూడదనేది కొత్త మర్యాద. ఏటా మీటింగులో గోడ మీద బొమ్మ వేసి, ఎవరు ఎంత ఫీజు తెచ్చారో చూపించేవాళ్ళు. ఎవరు ఎన్ని తప్పులు పట్టారని ఒక్క మీటింగులోనూ ఎవరూ అడగలేదు. తప్పు పట్టినవాడి గీత ఆ బొమ్మలో కిందికి దిగుతుంది మరి.

పిల్లలూ, నగరం ఆఫీసులన్నీ చెడ్డవని నేననను. మంచి మనుషులు అక్కడా ఉన్నారు. కానీ మంచి మనిషిని తీసుకెళ్ళి, నిజం చెప్పినప్పుడల్లా తన ఇంటికే నష్టం వచ్చేచోట కూర్చోబెట్టి, ఇక రోజూ మంచిగా ఉండు అనడం క్రూరత్వం. కొన్నాళ్ళు ఉంటాడు. ఎన్నాళ్ళని ఉంటాడు?

మా మునిరత్నం చూసే ఫ్యాక్టరీ

దొరసామి అప్పటికి మూడు కంపెనీలు పెట్టాడు. మునిరత్నం తెచ్చే ఫీజులో సగానికి పైగా ఆయనదే. ఇంటి అప్పుకు నెలనెలా కట్టే కంతు అందులోంచే పోయేది. ఆ మార్చిలో సరుకు చూడ్డానికి మునిరత్నమే వెళ్ళాడు, వచ్చాడు, సంతకం పెట్టాడు. నేను అడగలేదు. అడిగే మర్యాద లేదు.

మే నెల చివర కాయ దిగింది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. మా వైపు కాయ తోలిన రోజే డబ్బులివ్వరు, నెలల తర్వాత ఇస్తారు. అందుకని రైతు నాలుగు ఫ్యాక్టరీలు విచారించి, నమ్మకమున్న చోటికే తోలతాడు. మునిరత్నం మేనమామ కుప్పయ్య ఊళ్ళో పెద్ద రైతు. మునిరత్నానికి చిన్నప్పుడే నాయన పోతే సాకి, చదివించింది ఆయనే. "మా మునిరత్నం లెక్క సూసే ఫ్యాక్టరీ అబ్బా, ఇంకేం భయం" అని తన కాయతోపాటు ఊళ్ళో అందరి కాయా అక్కడికే తోలించాడు.

వినాయక చవితికి ముందే గేటుకు తాళం పడింది. దొరసామి జాడ లేదు. బ్యాంకువాళ్ళు వచ్చి గోడౌన్ తెరిస్తే, ముందు వరసల్లో గుజ్జు, వెనకంతా ఏళ్ళ నాటి పులిసిపోయిన సరుకు, కొన్నిట్లో ఉత్త నీళ్ళు. రైతులు గేటు ముందు కూర్చున్నారు. ఆడవాళ్ళు శాపనార్థాలు పెట్టారు. అందులో దొరసామి పేరు కంటే మునిరత్నం పేరే ఎక్కువ వినబడింది, ఎందుకంటే వాళ్ళు నమ్మింది దొరసామిని కాదు.

మా వృత్తి సంఘం విచారించి అతని పేరు తీసేసింది. నగరం ఆఫీసు, అది ఆయన సొంత క్లయింటు, బాధ్యతా ఆయనదే అని చేతులు కడుక్కుంది. ఫీజు వచ్చిన అన్నేళ్ళూ అందులో వాళ్ళ వంతు తీసుకున్న సంగతి గుర్తు రాలేదు కాబోలు. ఇల్లు బ్యాంకు తీసుకుంది. రిటైరయ్యేదాకా ఉందామనుకున్న నేను కూడా ఆ ఏడే బయటికొచ్చేశాను.

కుప్పయ్య తోట

ఈ ఎండాకాలం మునిరత్నాన్ని చూడ్డానికి పోయాను. ఇల్లు పోయాక మొగుడూ పెళ్ళాలిద్దరినీ కుప్పయ్యే తెచ్చి తనింట్లో పెట్టుకున్నాడు. ఊళ్ళో మిగతావాళ్ళు వాళ్ళతో మాట్లాడరు. నేను బస్సు దిగిన చోట మునిరత్నం ఉండే ఇల్లు ఎక్కడని అడిగితే ఒకాయన మొహం తిప్పుకుని, "ఆ సంతకాలాయనదా? ఆ పక్క" అని చెయ్యి చూపించాడు.

ఇంటి వెనక తోట ఉండేది. నేను మునిరత్నం పెళ్ళికి వచ్చినప్పుడు చూశాను, కింద ఎండ పడేది కాదు. ఇప్పుడు మొద్దులు మిగిలాయి. తన మాట నమ్మి కాయ తోలినవాళ్ళకు ఎంతో కొంత సర్దాలని కుప్పయ్య చెట్లు కట్టెకు అమ్మేశాడు, ఆ తర్వాత నేలా అమ్మేశాడు. ఆయన ఎనభై దాటిన మనిషి. వరండాలో నులక మంచం మీద కూర్చుని, "రామ్మా, ఎండన పడి వచ్చినావు" అన్నాడు.

మునిరత్నం చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడుకున్నాం. పెద్దాయన సంగతి వచ్చింది, దుప్పట్ల సంగతి వచ్చింది, కొంచెం నవ్వాడు కూడా. నేను ఇన్నేళ్ళూ మింగుకున్న ప్రశ్న అప్పుడు అడిగేశాను.

"రత్నం, నీ కళ్ళు నాకు తెలుసు. ఆ రోజు నీకు ఏమీ కనబడలేదంటే నేను నమ్మను."

అతను నేల చూశాడు. "కనబడినాది అక్కా. వెనక వరసలో ఒక డ్రమ్ము మూత ఉబ్బి ఉండాది. లోపల పులిస్తేనే గదా మూత ఉబ్బేది. దాని ముందర నిలబడినా. తెరవమని చెప్పేదానికి నోరు దాకా వచ్చినాది."

మంచం మీంచి కుప్పయ్య తల ఎత్తాడు. ఆయనకు ఈ మాట తెలియదని అప్పుడు అర్థమైంది నాకు.

"తెరిసుంటే ఎంత అయ్యుండునురా?" అన్నాడు.

"డ్రమ్ము ధర మామా. పది, పన్నెండు వేలు."

"అంతేనా? అది నేనిచ్చుందును గదా."

"అది కాదు మామా. తెరిస్తే దొరసామి ఇంకో ఆడిటర్ని పెట్టుకుంటాడు. ఫీజు పోతాది."

"పోతే?"

"ఇంటి మీద కంతు కట్టలేను. బ్యాంకోళ్ళు ఇల్లు తీసుకుంటారు. ఆ మూత ముందర నిలబడి నేను లెక్క ఏసుకున్నది అదే. ఇల్లు పోతే యాడికి పోయేది మామా?"

కుప్పయ్య ఒకప్పుడు తోట ఉన్న వైపు చూశాడు. కోపం వస్తుందని నేను భయపడ్డాను. కోపం రాలేదు. పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"యాడికి పోయేది ఏందిరా అబ్బోడా. ఈడికే వచ్చుందువు. ఇప్పుడూ ఈడే గదా ఉండావు. అప్పుడే వచ్చుంటే తోటైనా మిగిలుండును గదరా."

మునిరత్నం భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ముసలాయన మంచం మీంచి మెల్లగా లేచి వచ్చి, అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.